ఊరికోసం వేయించుకున్న సూది

1980 జూన్‌లో ఒక్క సూదిమందు కోసం మద్రాసులో మూడు రోజులు పడిగాపులు పడ్డాను. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. రాజమండ్రి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. నైజీరియాలో టీచరు ఉద్యోగం వచ్చింది. పాస్‌పోర్టు చేతికొచ్చింది, వీసా పని అయిపోయింది, ఎల్లో ఫీవర్ టీకా ఒక్కటే మిగిలింది. అది మా జిల్లాలో ఎక్కడా వేయరన్నారు. మద్రాసు రైలెక్కాను.

ఆ మందు చిన్న సీసాలో పొడి రూపంలో వస్తుంది. నీళ్లమందు కలిపాక కొద్ది గంటలే పనిచేస్తుంది. ఒక్కో సీసా చాలామందికి సరిపోతుంది కాబట్టి, తగినంతమంది జమయ్యేదాకా మూత తీయరు. మొదటి రోజు నేనూ, ఓడలో పనిచేసే ఒక మలయాళీ కుర్రాడూ. రెండో రోజు ఘనాలో బట్టల కొట్టున్న ఒక సింధీ పెద్దమనిషి తోడయ్యాడు. "ఇంకో నలుగురు రావాలి సార్" అని గుమాస్తా మళ్లీ రేపు రమ్మన్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి కోరం పూర్తయింది. సూది గుచ్చడం అర నిమిషం పని.

తర్వాత పసుపుపచ్చ కాగితంతో ఉన్న చిన్న పుస్తకం ఇచ్చారు. తేదీ వేశారు, గుండ్రటి ముద్ర కొట్టారు. "పది రోజులు పోయాక ఇది చెల్లుబాటు. అక్కణ్ణుంచి పదేళ్లు" అన్నాడు గుమాస్తా. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి ఇంకో మాట చెప్పాడు: "అక్కడ అడిగినా అడక్కపోయినా, తిరిగొచ్చేటప్పుడు బొంబాయిలో తప్పకుండా అడుగుతారు. పారేసుకోకండి."

అదేమిటో నాకు అంతుపట్టలేదు. జబ్బున్న దేశానికి వెళ్తున్నందుకు సూది వేయించుకున్నాను. లేని దేశానికి వస్తుంటే అడగడమేమిటి? దీని జవాబు తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఒక జ్వరం కూడా పట్టింది.

*

సూది వేయించుకుని దేశం దాటడం మా ఇంట్లో నాతో మొదలవలేదు. మా తాత కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్లాడు. రంగూన్ అన్న మాట మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు, అందరికీ అది రంగమే. గోదావరి జిల్లాల నుంచీ విశాఖ తీరం నుంచీ ఏటా వేలమంది పంట కోతలకీ, బియ్యం మిల్లులకీ, రేవులో బస్తాలు మోయడానికీ వెళ్లేవారు. రేవులో దిగిన కూలీలను బారులు తీర్చి మశూచి టీకాలు వేసేవారు. మా తాత పైచేతి మీద అర్ధరూపాయంత మచ్చలు రెండుండేవి. "రంగం ఎల్లొచ్చినోడి చెయ్యి చూస్తే తెల్సిపోద్ది" అనేది మా నాయనమ్మ. ఆవిడకు అవి మందు మచ్చలు కావు, రంగం ముద్రలు.

ఆవిడ ఉద్దేశంలో మశూచి జబ్బే కాదు, అమ్మవారు. అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి, చల్లటివి నైవేద్యం పెట్టి, సాగనంపాలి. సూదితో అడ్డగించడమంటే ఆవిడతో తగువు పెట్టుకోవడమే. అయినా రంగం వెళ్లాలంటే తప్పదు కాబట్టి తాత వేయించుకున్నాడు. తెల్లదొరల ఓడలూ రేవులూ మన జనానికి టీకాను అలవాటు చేసిన తీరు అది. బడిలో నచ్చజెబితే వినని మాట, కూలి డబ్బులు ఆగిపోతాయంటే విన్నారు.

ఆ టీకా మన దేశానికి రావడం కూడా ఒక ప్రయాణమే. ఇంగ్లండులో జెన్నర్ 1796లో మొదటిసారి వేశాడు. ఐసు పెట్టెలు లేని రోజుల్లో దాన్ని ఒక పిల్లవాడి చేతి పొక్కు నుంచి ఇంకో పిల్లవాడి చేతికి ఎక్కిస్తూ, మనుషులనే సీసాలుగా చేసుకుని, బాగ్దాదు, బస్రా మీదుగా తెచ్చారు. 1802 జూన్‌లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పిల్లకి అది అంటుకుంది. ఆ పిల్ల చేతి నుంచే మిగతా దేశానికి పాకింది. మా తాత చేతి మీది మచ్చకు వంశవృక్షం గీస్తే ఆ పిల్ల దగ్గరికి దారి దొరుకుతుందేమో.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మరుసటి ఏడాది లక్షలాది మన జనం కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరుగుముఖం పట్టారు. దారిలో కలరా, చలిజ్వరం వేలమందిని తీసుకుపోయాయి. ఆ దారిన పోయేవాళ్లను టీకా చీటీ అడిగే నాథుడు లేడు. మా తాత బతికి వచ్చాడు. కానీ ఏడాదికి రెండుసార్లు మూడు దుప్పట్లు కప్పుకుని వణికేవాడట. రంగం నుంచి ఆయన తెచ్చుకున్నవి ఒక టేకు పెట్టె, ఆ చలిజ్వరం.

*

నాకు ఉద్యోగం పడిన ఊరు లొకోజా. నైజర్ నదీ, బెన్యూ నదీ కలిసేచోటు. ఊరి వెనక కొండ పేరు పట్టి. ఆ పేరు వినగానే నాకు మన పట్టిసీమ గుర్తొచ్చింది. కొండెక్కి చూస్తే రెండు నదులు రెండు రంగుల్లో వచ్చి, కలిశాక కూడా కొంతదూరం ఎవరి రంగు వాళ్లదిగా పక్కపక్కనే నడుస్తాయి. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి అంతకంటే ఏం కావాలి? వెళ్లిన మొదటి ఆదివారమే తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి బయల్దేరాను.

మా ప్రిన్సిపాలు గేటు దగ్గరే ఆపేశాడు. ఒడ్డున నిలవ నీళ్లలో నత్తలుంటాయి, వాటిలోంచి కంటికి కనపడని పురుగు వచ్చి చర్మంలోంచి దూరిపోతుంది, మూత్రంలో రక్తం పడుతుంది అని చెప్పాడు. బిల్హార్జియా. థియోడర్ బిల్హార్జ్ అనే జర్మన్ డాక్టరు 1851లో కైరోలో కనిపెట్టిన పురుగది. నాకు నమ్మబుద్ధి కాలేదు. అంతకు ముందు ఏడాదే గోదావరి పుష్కరాల్లో మునకలు వేసి వచ్చినవాణ్ణి. నది అంటే పాపం పోగొట్టేదే కానీ రోగం అంటించేదన్న ఊహ మనకుండదు. కానీ నిజానికి అదీ అబద్ధమే. 1967 పుష్కరాలకు మా అమ్మ నన్ను తీసుకెళ్లే ముందు కలరా సూది వేయించింది. చెయ్యి బూరెలా పొంగి రెండు రోజులు జ్వరం కాసింది. పుణ్యానికి ముందు ఆ సూది కావాలని మనకూ తెలుసు. తెలిసినా, మన నదిని గురించి అలా అనుకోం. ఆరేళ్లూ ఆ సంగమాన్ని ఒడ్డునుంచే చూశాను.

లొకోజాలో ఉండగా స్కూలు లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో ఆ ఊరి పుట్టుక చదివాను. అది ఊరి చరిత్ర కాదు, ఒక మందు చరిత్ర.

1841లో బ్రిటిష్ ప్రభుత్వం మూడు ఆవిరి ఓడల్ని నైజర్ మీదికి పంపింది. బానిసల వ్యాపారం మాన్పించి, సంగమం దగ్గర ఒక నమూనా వ్యవసాయక్షేత్రం పెట్టాలని వాళ్ల ఆలోచన. ఓడల్లో ఉన్న తెల్లవాళ్లు 145 మంది. అందులో 130 మందికి జ్వరం తగిలింది. నలభైమందికి పైగా పోయారు. పశ్చిమాఫ్రికా తీరానికి 'తెల్లవాడి సమాధి' అని పేరు ఊరికే రాలేదు.

పదమూడేళ్ల తర్వాత, 1854లో, 'ప్లీయడ్' అనే ఓడ అదే నది మీదికి వచ్చింది. దాని నాయకుడు విలియం బాల్ఫోర్ బైకీ అనే నేవీ డాక్టరు. అంతకుముందు జ్వరం వచ్చాక క్వినైన్ ఇచ్చేవారు. బైకీ జ్వరం రాకముందు నుంచే, రోజూ, ఓడలో తెల్లవాళ్లందరితో దాన్ని మింగించాడు. 118 రోజులు నది మీద ఉన్నారు. పన్నెండుమంది తెల్లవాళ్లు వెళ్లారు, పన్నెండుమందీ తిరిగొచ్చారు. ప్రయాణానికి ముందే మందు మొదలుపెట్టడమన్న పద్ధతికి ఇంత తిరుగులేని రుజువు అంతకుముందు ఎవరూ చూపలేదు. తర్వాత ఆ బైకీయే మళ్లీ వచ్చి సంగమం దగ్గర స్థిరపడి పెంచిన ఊరు లొకోజా. ఇగ్బో భాషలో తెల్లవాణ్ణి 'బెకె' అంటారు. అది ఆయన పేరు నుంచే వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు.

తమాషా ఏమిటంటే, బైకీకి మందు తెలుసు కానీ జబ్బు తెలియదు. చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి వల్ల జ్వరం వస్తుందని ఆ కాలం డాక్టర్లందరిలాగే ఆయనా నమ్మాడు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి. అసలు దొంగను పట్టుకున్నది మన బేగంపేటలో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు ఒక దోమ పొట్ట కోసి మైక్రోస్కోపు కింద పెట్టి మలేరియా పురుగును చూశాడు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే జ్వరపు రోగిని కుట్టిన దోమ. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. రెండేళ్లు తిరిగేసరికి రాస్ పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌనుకు వెళ్లి దోమల వేట మొదలుపెట్టాడు. సికింద్రాబాదులో తెలిసిన సంగతి నా కంటే ఎనభై ఏళ్లు ముందే పశ్చిమాఫ్రికా చేరిందన్నమాట.

*

లొకోజాలో మాకు ఆదివారమంటే మాత్రల రోజు. అల్పాహారం అయ్యాక రెండు క్లోరోక్విన్ మాత్రలు. చేదు నాలుక మీద సాయంత్రందాకా ఉండేది. మా విద్యార్థుల్లో చాలామందికి ఆ మాత్ర పడితే ఒళ్లంతా దురద. నల్లజాతి వారిలో ఆ దురద ఎక్కువమందికి వస్తుందని తర్వాత తెలిసింది. పరీక్ష హాల్లో ఎవడైనా గోక్కుంటుంటే పక్కవాడు "క్లోరోక్విన్ సార్" అనేవాడు. నేను కాపీ చీటీలకోసం వెతకడం మానేవాణ్ణి. అందులో కొంతమంది నన్ను మోసం చేసే ఉంటారు.

అక్కడున్న తెలుగువాళ్లం నాలుగు కుటుంబాలవాళ్లం. మాలో ఒక ధీమా ఉండేది. "మనం చలిజ్వరాలు చూడనివాళ్లమా? ఈ జాగ్రత్తలన్నీ తెల్లోళ్లకి" అనుకునేవాళ్లం. నిజమే, ఉష్ణదేశాల ఆరోగ్య పుస్తకాలన్నీ మనలాంటి దేశాలకు వచ్చే దొరలకోసం రాసినవే. ఆ పుస్తకాల్లో మనం ప్రయాణికులం కాము, ప్రమాదం. మన మన్యానికి బదిలీ అంటే మైదానం ఉద్యోగులు దండనగా భావించిన రోజులున్నాయి కదా, ఆ మన్యం జ్వరమే లొకోజా జ్వరానికి చుట్టం. కానీ చుట్టమైనంత మాత్రాన జాలి చూపదు. మా నలుగురి ఇళ్లలో మలేరియా రాని ఇల్లు లేదు.

నాకు వచ్చినది మాత్రం లొకోజాలో కాదు, ఇంటికొచ్చాక.

1982లో సెలవులకు వచ్చాను. బొంబాయిలో దిగగానే ఆదివారం మాత్ర ఆపేశాను. ఇల్లు చేరాం కదా, ఇంకా మాత్రేమిటి అని నా లెక్క. లెక్కల మాస్టారి లెక్క తప్పింది. ఆ మాత్ర పురుగును ఒంట్లోకి రాకుండా ఆపదు. కుట్టిన దోమ వదిలిన పురుగు ముందు కాలేయంలో చేరి కొన్నాళ్లు దాక్కుంటుంది. అక్కణ్ణుంచి రక్తంలోకి దిగినప్పుడే క్లోరోక్విన్ దాన్ని చంపగలదు. అందుకే ప్రాంతం వదిలాక కూడా నాలుగు వారాలు మింగాలి. నేను ఒక్క వారం కూడా మింగలేదు. పదకొండో రోజు రాత్రి పళ్లు టకటకలాడాయి. అమ్మ దుప్పట్ల మీద దుప్పట్లు కప్పింది. "అచ్చం మీ తాతే" అంది.

చూపించిన డాక్టరు టైఫాయిడన్నాడు. నాలుగు రోజులు దానికే మందు వాడాం. అయిదో రోజు ఇంకోచోట రక్తం తీస్తున్న కుర్రాడు, మాటల మధ్యలో, "సార్, మీరెక్కణ్ణుంచొచ్చారు?" అని అడిగాడు. నైజీరియా అన్నాను. వాడు సూది పక్కన పెట్టి గాజుపలక తెచ్చి, వేలు గుచ్చి రక్తం పూత తీశాడు. గంటలో బయటపడింది. అంతదాకా నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. విదేశం నుంచి వచ్చినవాడికి జ్వరమొస్తే డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట తనకెంత జ్వరమో కాదు, తానెక్కణ్ణుంచొచ్చాడో.

మంచం మీద పడుకుని ఉండగా దోమతెర బయట ఒక దోమ గీ పెడుతూ తిరుగుతోంది. అప్పుడు మద్రాసు గుమాస్తా మాట తలకెక్కింది. నైజర్ ఒడ్డున నా రక్తంలో దూరినదాన్ని ఎవరూ చూడకుండా గోదావరి ఒడ్డుకు తెచ్చేశాను. ఈ దోమ నన్ను కుడితే, రేపు ఎవరిని కుడుతుంది?

*

మలేరియా సరే, మనకు పాతదే. ఎల్లో ఫీవర్ కథ వేరు. దానికి మన దేశంలో దోమ ఉంది, ఏడెస్ ఈజిప్టై, డెంగీ తెచ్చే దోమే. కుట్టించుకోవడానికి కోట్లమంది ఉన్నారు, దాదాపు ఎవరిలోనూ ఆ జబ్బును ఎదిరించే శక్తి లేదు. అడవుల్లో కోతులున్నాయి. లేనిది ఒక్కటే, వైరస్. పొయ్యి ఉంది, కట్టెలున్నాయి, నిప్పురవ్వ లేదు. ఆ రవ్వ ఎవరి ఒంట్లో దాగి వస్తుందో తెలియదు కాబట్టే బొంబాయిలో కార్డు అడుగుతారు.

ఈ భయం పాతది. ఎల్లో ఫీవర్ దోమ వల్ల వస్తుందని హవానాలో కార్లోస్ ఫిన్లే 1881లోనే అన్నాడు. ఎవరూ నమ్మలేదు. 1900లో అమెరికా సైన్యం పంపిన వాల్టర్ రీడ్ బృందం అది నిజమని తేల్చింది. తేల్చేలోగా ఆ బృందంలోని జెస్సీ లజీర్ ఆ జబ్బుతోనే చనిపోయాడు. దోమల్ని అణిచాకే పనామా కాలువ తవ్వకం సాగింది. 1914లో అది తెరుచుకుంటుందనగా మన వైపు కలవరం మొదలైంది. అంతదాకా ఆ జబ్బున్న అమెరికా రేవులకూ ఆసియాకూ మధ్య భూమి అడ్డం. కాలువ తెరిస్తే ఓడలు నేరుగా వచ్చేస్తాయి. ఇండియన్ మెడికల్ సర్వీసులోని ఎస్.పి. జేమ్స్ అనే డాక్టరు పనిగట్టుకుని ఆ దారంతా తిరిగి చూసి, భారతదేశాన్ని ఎల్లో ఫీవర్ నుంచి ఎలా కాపాడాలో 1913లో రాశాడు.

ఓడ కంటే విమానం ఎక్కువ భయపెట్టింది. దోమ కుట్టాక జబ్బు బయటపడడానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఓడ ప్రయాణం వారాలు కాబట్టి జబ్బు నడిసముద్రంలోనే బయటపడుతుంది. విమానంలో ఆరోగ్యంగా ఎక్కినవాడు ఆరోగ్యంగానే దిగి, ఇంటికెళ్లి, మూడో రోజు మంచం పడతాడు. అందుకే 1933లో ఒక్క విమాన ప్రయాణాలకోసమే అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నారు. కార్డు లేకుండా ఆ దేశాలనుంచి వచ్చినవాణ్ణి మనవాళ్లు ఆరు రోజులు విడిగా ఉంచేదీ ఈ లెక్క ప్రకారమే. సూది వేయించుకున్న పది రోజులకు కానీ కార్డు చెల్లకపోవడం కూడా లెక్కే, ఒంట్లో రక్షణ తయారవడానికి అంత గడువు కావాలి.

ఇక ఆ సూది ఎక్కడ పుట్టిందో విన్నప్పుడు నేను నవ్వుకున్నాను. లేగోస్ వెళ్లినప్పుడల్లా యాబా అనే పేటలో బస్సు మారేవాణ్ణి. ట్రాఫిక్ ఆగిపోవడాన్ని అక్కడ 'గో స్లో' అంటారు. యాబా గో స్లోలో నేను గడిపిన గంటలకు లెక్కలేదు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఎల్లో ఫీవర్ పరిశోధనకు 1920లలో ప్రయోగశాల నడిపింది ఆ యాబాలోనే. 1927 జూన్ చివర, ఇప్పటి ఘనాలోని క్పేవే అనే ఊళ్లో, అసిబి అనే ఇరవై ఎనిమిదేళ్ల యువకుడికి జ్వరం వచ్చింది. అతని రక్తం తీసి కోతికి ఎక్కించారు. ఆఫ్రికా కోతులకు ఆ వైరస్ పెద్దగా హాని చేయదు. అది తరతరాల పరిచయం. పరిశోధకులకు కావలసింది ఆ పరిచయం లేని జంతువు. అది మన దేశపు రీసస్ కోతి. గోదావరికి ఉత్తరాన తిరిగే కోతి జాతే. అసిబి కోలుకున్నాడు. కోతి చచ్చిపోయింది.

జబ్బును ప్రయోగశాలలోకి తెచ్చిన ఏడ్రియన్ స్టోక్స్ అదే సెప్టెంబరులో దానితోనే పోయాడు. మరుసటి మేలో జపానుకు చెందిన హిదేయో నొగుచి, ఆ వెంటనే విలియం యంగ్ అక్రాలో కన్నుమూశారు. అసిబి రక్తంలోంచి తీసిన ఆ వైరస్‌నే న్యూయార్కులో మాక్స్ థైలర్ బృందం కోడిపిండం కణాల్లో మార్చి మార్చి పెంచింది. ఒకచోట అది కోరలు పోగొట్టుకుని, గుర్తుపట్టే రూపం మాత్రం నిలుపుకుంది. దానికి 17డి అని పేరు. 1937లో టీకాగా బయటికొచ్చింది, 1951లో థైలర్‌కు నోబెల్ తెచ్చింది. ఈ రోజుకీ ప్రపంచంలో వేసే ప్రతి ఎల్లో ఫీవర్ టీకా ఆ 17డి సంతానమే. క్పేవే యువకుడి రక్తం, మన కోతి ప్రాణం, కోడిగుడ్డు. నా చేతిలోకి ఎక్కించింది అదన్నమాట.

*

1986 జూలైలో మూటాముల్లే సర్దుకుని వచ్చేశాం. బొంబాయిలో నా కార్డు అడిగారు. ఆఫీసరు తేదీ చూశాడు, ముద్ర చూశాడు, నా మొహం చూశాడు, పొమ్మన్నాడు. పక్క వరసలో ఒకాయన కార్డు సామానులో ఉండిపోయిందనీ, కూతురి పెళ్లి నాలుగు రోజుల్లో ఉందనీ బతిమాలుతున్నాడు. ఆయన్ని ఆరు రోజుల గదికి తీసుకుపోయారు. ఆ రోజు నాకు ఆయన మీద జాలేసింది. ఆ ఏడాదే నేను వదిలొచ్చిన నైజీరియాలో, బెన్యూ రాష్ట్రంలో ఎల్లో ఫీవర్ చెలరేగింది. మరుసటి ఏడాది పడమరన ఓయో రాష్ట్రానికి పాకి వేలమందిని మంచాన పడేసింది. ఆ వార్తలు చదివాక నా జాలి ఆ ఆఫీసరు మీదికి మళ్లింది. పెళ్లి ఆగిపోతుందని ఏడుస్తున్న తండ్రికి, జరగని ప్రమాదం ఒకటి చూపించి, ఆపడం అంత తేలిక పని కాదు.

ఆసియాకు ఆ వైరస్ రాదులే అనుకునేవాళ్లకు 2016లో జవాబొచ్చింది. అంగోలాలో పనిచేసి తిరిగెళ్లిన చైనా కార్మికులు 11 మంది ఒంట్లో దాన్ని తీసుకుని చైనాలో దిగారు. అదృష్టం, అక్కడ దోమల ద్వారా పాకలేదు.

నా పసుపు పుస్తకంలో మూడు జబ్బులకు పేజీలుండేవి. మశూచి, కలరా, ఎల్లో ఫీవర్. కలరా సూది వ్యాప్తిని ఆపలేదని తేలి, 1973లోనే అంతర్జాతీయ నిబంధనల నుంచి దాన్ని తీసేశారు. మశూచి భూమ్మీద లేదని 1980 మేలో, నేను మద్రాసు వెళ్లడానికి నెల ముందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మా నాయనమ్మ అప్పటికి బతికే ఉంది. చెబితే, "అమ్మవారు లేకపోవడమేంట్రా, అలిగి ఎళ్లుంటాది" అంది.

*

పోయిన నెల మా మనవరాలికి అక్రాలో ఉద్యోగమొచ్చింది. ఘనాలో విమానం దిగగానే కార్డు చూపాలి, మనవైపు తిరిగొచ్చినప్పుడూ చూపాలి. ఇప్పుడు మద్రాసు పోనక్కర్లేదు. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లోనే వేస్తారు. తోడుగా నేనూ వెళ్లాను. సీసా తెరవడానికి మనుషులు జమవ్వాలన్న సూత్రం మాత్రం మారలేదు. కాంగోకి వెళ్లే ఇంజనీరు, కెన్యాకి వెళ్లే జంట, ఓడ ఉద్యోగాల కుర్రాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. నర్సు ప్రతివాళ్లనీ "గుడ్డు తింటే దద్దుర్లు వస్తాయా?" అని అడుగుతోంది. 1937 నాటి కోడిపిండం ఇంకా ఆ ప్రశ్నలో బతికే ఉంది.

"పెద్దాయనా, మీరూ వెళ్తున్నారా? అరవై దాటినవాళ్లకి డాక్టరు చూసి కానీ వేయం" అంది నర్సు. నేను సంచిలోంచి నా పాత పుస్తకం తీశాను. కాగితం రంగు పసుపు పోయి గోధుమకు దిగింది. 1990తో గడువు తీరినట్టు అందులో రాసి ఉంది. కానీ 2016 జూలై 11 నుంచి నిబంధన మారింది, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, అంతకుముందు ఇచ్చిన కార్డులకు కూడా. మనవరాలు అటూ ఇటూ తిప్పి చూసి, "తాతయ్యా, నువ్వూ నీ కార్డూ ఇంకా వ్యాలిడే" అంది.

దానికి మలేరియాకోసం డాక్టరు డాక్సీసైక్లిన్ రాశాడు. రోజుకొకటి, వచ్చాక కూడా నాలుగు వారాలు. ఆ నాలుగు వారాల మాట దగ్గర నేను దాని చేత మూడుసార్లు చెప్పించాను. క్లోరోక్విన్‌కు పశ్చిమాఫ్రికా మలేరియా ఎప్పుడో లొంగడం మానేసింది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబానికి పెద్దకొడుకు ఆరియోమైసిన్. అది 1948లో లెడర్లీ కంపెనీలో బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వచ్చినప్పుడు అక్కడి పరిశోధనలకు డైరెక్టరు మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు. ఈ ముక్క దానికి చెబితే, "అయితే మాత్ర మన జిల్లాదేనన్నమాట" అంది.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటే కాలి మీద చురుక్కుమంది. కొట్టి చూశాను. కాళ్ల మీద తెల్లచారల దోమ, ఏడెస్. మందారం కుండీ కింద పళ్లెంలో వారం నాటి నీళ్లు, వాటిలో పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. మనవరాలికి సూది వేయించి వచ్చాను, ఇంట్లో దోమను పెంచుతున్నాను. పళ్లెం ఎత్తి నీళ్లు పారబోసి, కొబ్బరిపీచుతో రుద్ది, బోర్లించాను.